కొత్త రోలు తెచ్చారా? పచ్చడికి తొందర పడకండి!

ఒంగోలు: కొత్త రోట్లో నూరిన గోంగూర పచ్చడి. వేడి అన్నంలో నెయ్యి వేసి కలిపిన తొలి ముద్ద. నోట్లో పెట్టుకోగానే పంటి కింద కరకర! "పచ్చడి కమ్మగానే ఉందమ్మా, ఇందులో ఇసుకెందుకు వేశావు?" అని మామగారు నవ్వుతూనే అడిగారు గాని కోడలి ముఖం చిన్నబోయింది. పచ్చడి పెరటి పాలైంది. ముచ్చటపడి రోడ్డు పక్కన బేరమాడి, ఆటోలో వేయించుకుని తెచ్చిన రోలు కుళాయి పక్కకు చేరింది. మూడు వారాల పాటు దాని మీద బకెట్టు బోర్లించి ఉంది.

పట్టణంలో ఒక ఇంట జరిగిన ముచ్చట ఇది. అయితే ఆ ఒక్క ఇంటిదే అనుకుంటే పొరపాటు. మిక్సీలు వచ్చాక మూలబడిన రోళ్ళు ఇటీవల మళ్ళీ వంటిళ్ళలోకి వస్తున్నాయి. 'రోటి పచ్చళ్ళు' అని హోటళ్ళవారు ప్రత్యేకంగా బోర్డులు కట్టుకుంటున్నారు. ఊళ్ళ పొలిమేరల్లో రాతి పనివారు చెట్ల కింద రోళ్ళు, పొత్రాలు, సన్నికల్లు వరసగా పేర్చి అమ్ముతున్న దృశ్యం కొత్తేమీ కాదు. కొనేవారికీ కొదవ లేదు. కాని రోలు తిరిగి వచ్చినంత సులువుగా దాన్ని వాడుకలోకి తెచ్చే పద్ధతి తిరిగి రాలేదు. అత్తగారి దగ్గర కోడలు, తల్లి దగ్గర కూతురు చూసి నేర్చుకున్న పని అది. ఏ పుస్తకంలోనూ రాసుకున్నది కాదు. మధ్యలో ఒక తరం మిక్సీ మీట నొక్కి ఊరుకుంది. దాంతో ఆ పద్ధతి కాస్తా చేజారింది.

కుళాయి పక్కనున్న ఆ రోలును చూసి పక్క వాటాలోని మామ్మగారు అడిగిన మొదటి ప్రశ్న "దీన్ని తవుడుతో రుబ్బారా?" అని. ఆ ఇంట్లో ఎవరికీ ఆమె ఏమడుగుతున్నదో అర్థం కాలేదు.

కరకర ఎక్కడిది?

నల్లరాయి, గ్రానైటు వంటివి ఒకే ముద్దగా కనిపించినా నిజానికి చిన్న చిన్న పలుకులు ఒకదానినొకటి కరచుకుని ఏర్పడిన రాళ్ళు. గ్రానైటులో స్ఫటికపు రాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం పలుకులు ఉంటాయి. పనివాడు ఉలితో, సుత్తితో గుంట తొలిచేటప్పుడు ఊడిపడే రాయి కొంతైతే, దెబ్బకు కదిలి ఊడీ ఊడకుండా పైపైన అంటుకుని ఉండిపోయే పలుకులు మరికొన్ని. నీళ్ళు పోసి కడిగితే పొడి పోతుంది గాని ఈ పలుకులు పోవు. పొత్రం పెట్టి నూరినప్పుడు మాత్రం ఒక్కొక్కటిగా ఊడి పచ్చడిలో కలుస్తాయి. కొత్త రోటికి చేయవలసిన పనంతా ఈ కదిలిన పలుకులను మనమే ముందుగా ఊడదీసి పారబోయడం. అంతకు మించి అందులో మంత్రమేమీ లేదు.

ఇది రుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. మోస్ అనే జర్మనీ శాస్త్రవేత్త 1812లో ఖనిజాల గట్టిదనానికి 1 నుంచి 10 వరకు ఒక కొలమానం ఏర్పరచాడు. బలపపు రాయిలోని టాల్క్ 1. సున్నపురాయిలోని కాల్సైట్ 3. ఫెల్డ్‌స్పార్ 6. స్ఫటికపు రాయి 7. మన పంటి పైపొర గట్టిదనం సుమారు 5. అంటే రాతి పలుకు, పన్ను ఒరుసుకుంటే అరిగేది పన్నే. ఒకనాటి పచ్చడితో పళ్ళు ఊడిపోవన్నది నిజమే. కాని పెరిగిన పసివాళ్ళ ముద్దలోనూ, పళ్ళు వదులైన పెద్దవాళ్ళ ముద్దలోనూ ఆ పలుకులు నెలల తరబడి పడుతూ ఉండడం మంచిది కాదు.

కొనేటప్పుడే చూడాలి

ఎంత తవుడు రుబ్బినా బాగుపడని రోళ్ళు కూడా ఉన్నాయి. అవి మెత్తని రాతితో చేసినవి. నూరిన కొద్దీ రాయే అరుగుతూ పచ్చడిలో కలుస్తూనే ఉంటుంది. మన ప్రాంతం రాళ్ళకు పేరుపడింది. మార్కాపురం పలక రాయి మీద అక్షరాలు దిద్దనివారు పాతతరంలో అరుదు. అయితే అది పొరలు పొరలుగా విడిపోయే రాయి, రోటికి పనికిరాదు. బేతంచర్ల నాపరాయి ఇంటి నేలకు చల్లగా ఉంటుంది గాని సున్నపు జాతి కావడంతో చింతపండు పులుపుకు తాళదు. ఇక చీమకుర్తి నల్లరాయి దేశదేశాలకు ఎగుమతి అవుతున్నది. మెరుపు చుక్కల ఆ రాతిని వ్యాపారులు గ్రానైటు అంటారు గాని భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతిది. పేరు ఏదైతేనేం, గట్టిది. నూరుడుకు చక్కగా నిలుస్తుంది.

కొనే ముందు చేయదగిన పరీక్షలు పనివారే చెబుతారు. గుంటలో ఒక చోట ఇనుప మేకుతో గట్టిగా గీయాలి. గట్టి రాయి మీద ఇనుము రంగు గీత పడి వేలితో రుద్దితే చెరిగిపోతుంది. మెత్తని రాయి మీద గాడి పడుతుంది, తెల్లని పొడి రాలుతుంది. తడి గుడ్డతో రుద్దితే నల్లరంగు అంటితే అది రాతి రంగు కాదు, పూసిన రంగు. ఒక చుక్క నిమ్మరసం వేసి కాసేపు చూస్తే సున్నపు జాతి రాయైతే సన్నని బుడగలు పొంగుతాయి, లేదా ఆ చోట మెరుపు పోతుంది. పాలరాతి రోళ్ళు చూడడానికి ముచ్చటగా ఉన్నా యాలకులు, మిరియాలు పొడి చేసుకోవడానికే తప్ప పులుపు పచ్చళ్ళకు తగవు.

మరొకటి, చప్పుడు. చిన్న గులకరాయితో రోటి అంచు మీద తట్టితే ఖంగుమనాలి. బొద్దుగా పలికితే లోపల ఎక్కడో నెరియ ఉన్నట్టే. ఇంటికి తెచ్చాక నిండా నీళ్ళు పోసి రాత్రంతా ఉంచి, తెల్లవారి బయటివైపు చెమ్మ కనిపిస్తుందేమో చూసుకోవడం కూడా మంచిదే. చెమ్మ తేలిన రోలును మార్చుకోవడం ఒక్కటే మార్గం.

మరపై కోసిన రోళ్ళు కొన్నిటికి గుంట లోపల కూడా అద్దంలా మెరుగు పెడుతున్నారు. ఇది అమ్మకానికి ఉపయోగించే మెరుగే గాని నూరడానికి ఉపయోగపడేది కాదు. మిరపకాయ జారిపోతుంది తప్ప నలగదు. బయట ఎంత నునుపైనా సరే, లోపల వేలికి గరుకు తగలాలి. పొత్రాన్ని కూడా గుంటలో పెట్టి తిప్పి చూసుకోవాలి. గుంట గుండ్రంగా ఉండి పొత్రం అడుగు చదునుగా ఉంటే అంచులు మాత్రమే తగులుతాయి, నడుమ పప్పు నడుమే ఉంటుంది. చాలామంది రోలును పది సార్లు చూసి పొత్రం ఏదిస్తే అది పట్టుకువస్తారు!

బరువు సంగతి కూడా ముందే ఆలోచించుకోవడం మంచిది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల గ్రానైటు దిమ్మ సుమారు 75 కిలోలు తూగుతుంది. గుంట తీసివేసినా పెద్ద రుబ్బురోలు ఒక్క మనిషి ఎత్తేది కాదు. పచ్చళ్ళకు మాత్రమే కావాలనుకున్నవారికి చిన్నరోలు చాలు. మేడ మీది వాటాల్లో ఉండేవారు ఈ లెక్క మరచి మెట్ల దగ్గర నడుం పట్టుకు కూర్చోవడం కద్దు.

తవుడు, బియ్యం, ఉప్పు

మామ్మగారు చేయించిన పనికి నాలుగు రోజులు పట్టింది. ఇందులో రోజుకు అరగంటకు మించిన శ్రమ లేదు.

మొదటి రోజు రోలును, పొత్రాన్ని కొబ్బరి పీచుతో నీళ్ళు పోస్తూ తోమారు. సబ్బు, సబ్బు పొడి దగ్గరకు రానివ్వలేదు. రాతి సందుల్లో చేరిన సబ్బు వాసన తరువాత పచ్చడిలో తేలుతుంది. పూర్వం పల్లెల్లో ఈ దశలో గుప్పెడు ఏటి ఇసుక, నీళ్ళు వేసి పొత్రంతో తిప్పేవారు. ఉలి గాట్లు మరీ మొరటుగా ఉన్న రోటికి ఇది మంచి ఉపాయమే. అయితే ఆ తరువాత ఇసుక రేణువు మిగలకుండా కడగడం మరో పని అవుతుంది.

రెండవ రోజు తవుడు. రైసు మిల్లుల్లోనో, పశువుల దాణా అమ్మే కొట్లలోనో దొరుకుతుంది. రెండు గుప్పిళ్ళ తవుడు తడిపి, గుంట అడుగు నుంచి అంచు దాకా పొత్రం ఆనేటట్టు తిప్పుతూ రుబ్బాలి. కాసేపటికి లేత గోధుమ రంగు తవుడు బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ రంగే రాతిపొడి. తీసివేసి కడిగి మళ్ళీ కొత్త తవుడు వేయాలి. తవుడులో సహజంగా ఉండే జిడ్డు రాతిపొడిని పట్టి బయటకు తెస్తుంది. ఈ తవుడును వృథా చేయడమెందుకని కొందరు గొడ్ల కుడితిలో కలుపుతుంటారు. అది పొదుపు కాదు. మనం తినకూడదని తీసిన రాయిని నోరులేని జీవానికి పెట్టడమే. మొక్కల మొదట్లో పోస్తే ఎవరికీ చెరుపు లేదు.

మూడవ రోజు బియ్యం. నూకలైనా సరిపోతాయి. గుప్పెడు బియ్యం గంటసేపు నానబెట్టి మెత్తగా రుబ్బితే మొదటి వాయి బూడిద రంగులో వస్తుంది. పారబోసి మరో గుప్పెడు. రెండవ వాయి కాస్త తెలుపు. ఇలా పిండి మల్లెపువ్వులా తెల్లగా వచ్చేవరకు చేయవలసిందే. కొన్ని రోళ్ళకు మూడు వాయిలు చాలు, కొన్నిటికి ఏడెనిమిది కావచ్చు. ఇన్ని వాయిలని ముందుగా లెక్క చెప్పేవారి మాట నమ్మనక్కరలేదు. చెప్పవలసింది రోలే.

తెల్లగా వచ్చిందని అక్కడితో ఆపడానికీ లేదు. ఆఖరి వాయి పిండిని పళ్ళెంలో నీళ్ళు పోసి పలుచగా కలిపి, నిదానంగా వంచుతూ పైనీళ్ళు పారబోస్తే, బరువైన రాతి పలుకులు ఏవైనా ఉంటే అడుగున మిగులుతాయి. వేలితో రాస్తే కిర్రుమంటాయి. బియ్యంలో రాళ్ళు గాలించే పద్ధతే ఇది. ఆ ఇంటి రోటికి నాలుగవ వాయి తెల్లగానే వచ్చినా పళ్ళెం అడుగున ఇంకా నాలుగు పలుకులు కనిపించాయి. ఆరవ వాయికి గాని అడుగు శుభ్రం కాలేదు.

నాలుగవ రోజు గుప్పెడు రాళ్ళుప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కాస్త జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు వేసి నూరి, ఆ ముద్దను గుంట అంతటికీ, అంచులకు పట్టించి కొంతసేపు ఉంచి కడిగేశారు. రాతి పచ్చి వాసన దీనితో పోతుంది. ఈ ముద్ద కూడా తినడానికి కాదు. కడిగి ఎండలో ఆరబెట్టి, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. ఆ రోజు శుక్రవారం కావడం కాకతాళీయమేమీ కాదు, మామ్మగారు లెక్క వేసుకునే మొదలుపెట్టారు.

కొత్త రోటికి నూనె పట్టించాలని చెప్పేవారూ లేకపోలేదు. లోపల పూసిన నూనె నాలుగు రోజులకు మక్కు వాసన వేస్తుంది. పొత్రం జారుతుంది. నలుపు రావాలన్న సరదా ఉంటే బయటివైపు పలుచగా రాసి తుడుచుకోవచ్చునేమో గాని లోపల అవసరం లేదు. అంతకంటె ప్రమాదకరమైనది కొందరు చేసే మరో పని. క్రిములు చస్తాయని మరిగే నీళ్ళు ఒక్కసారిగా పోయడం, పొయ్యి మీద వేడి చేయడం. రాతిలోని పలుకులన్నీ ఒకే తీరున వ్యాకోచించవు. దాంతో కంటికి కనబడని నెరియలు పుట్టి రోలు పగిలిపోవచ్చు.

ఈ పద్ధతంతా రుబ్బురోళ్ళకే కాదు, కోయంబత్తూరు నుంచి వచ్చే కరెంటు గ్రైండర్లలోని రాళ్ళకూ వర్తిస్తుంది. కొత్త గ్రైండరులో తొలిరోజే ఇడ్లీ పిండి వేసి, ఇడ్లీ బూడిద రంగులో ఉందేమిటని కొట్టువాడితో తగాదా పడడం కంటె ముందు రెండు వాయిల తవుడు, నూకలు తిప్పి పారబోయడం మేలు.

దంచడం వేరు, నూరడం వేరు

తెలుగులో ఈ పనులకు వేరు వేరు మాటలున్నాయి. దంచడం రోకలి పని. రుబ్బడం రుబ్బురోలుది. నూరడం పచ్చడిబండదీ సన్నికల్లుదీ. విసరడం తిరగలిది. ఈ మాటలు ఒకదానికొకటి బదులు కావు. పసుపు కొమ్ములు, ఎండుమిరప దంచడానికి పొన్ను తొడిగిన కర్ర రోకలి ఉండేది. రాతి రోట్లో రాతి బండతో అదే వేగంతో పోట్లు వేస్తే రెండిటిలో ఏదో ఒకటి పెచ్చు ఊడుతుంది. రాతిబండను పైనుంచి ఎత్తి వేయకుండా ఒత్తి తిప్పాలి. ఖాళీ రోట్లో బండ ఆడించడం అసలే కూడదు.

పచ్చడికి కూడా ఒక వరస ఉంది. ముందు ఉప్పురాళ్ళు, వేయించిన మిరపకాయలు. ఉప్పు పలుకులే మిరప తొక్కను చీలుస్తాయి. ఆ తరువాత చింతపండు. చివర గోంగూరో, వంకాయో, దోసకాయ ముక్కలో. అన్నీ ఒక్కసారి వేస్తే తడిలో మిరపకాయ నలగకుండా తప్పించుకు తిరుగుతుంది. పులుపు పచ్చడిని రాత్రంతా రోట్లోనే వదిలివేయడం మంచి అలవాటు కాదు. పని కాగానే నీళ్ళు పోసి పీచుతో తోమి, ఆరనిచ్చి, పళ్ళెం మూత పెట్టుకోవాలి. వానకాలంలో వాడని రోటికి బూజు పడుతుంది. వారానికొకసారి ఎండ తగలనివ్వాలి. చేపల మసాలాకు వాడిన రోట్లో మర్నాడు కొబ్బరి పచ్చడి చేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. గుప్పెడు బియ్యం వేసి రుబ్బి పారబోస్తే వాసన పోతుంది.

పెరట్లో ఉండే రోలును జరిపేటప్పుడు కింద చేయి పెట్టకుండా ముందు కర్రతో కదిలించాలి. తేళ్ళకు అది ఇష్టమైన చోటు. రోటి మీద కూర్చుంటే దరిద్రమని పెద్దలు పిల్లల్ని కేకలేసేవారు. దరిద్రం సంగతెలా ఉన్నా, అన్నంలోకి వచ్చే పచ్చడి నూరేచోట కూర్చోకూడదనడంలో తప్పేముంది? పెళ్ళిలో వధువు కాలితో తొక్కించే సన్నికల్లు, అంతకు ముందు రోట్లో పసుపు కొట్టడం, ఇవన్నీ ఆ రాతికి ఇంట్లో ఉన్న స్థానాన్ని గురించి చెబుతాయి.

కక్కు కొట్టేవారు ఏరి?

ఏళ్ళు గడిస్తే రోలు లోపల నున్నగా అవుతుంది. ఎంతసేపు తిప్పినా పప్పు నలగదు, పిండి వేడెక్కుతుంది. అప్పుడు కక్కు కొట్టించాలి. అంటే సన్న ఉలితో గుంట అంతటా చిన్న గాట్లు పెట్టించడం. రోళ్ళకు, తిరగళ్ళకు కక్కు కొడతామంటూ వీధుల్లో వినిపించే కేక ఇప్పుడు అరుదైపోయింది. రోలు అమ్మేవారి దగ్గరకే వెళ్ళి కబురు చెప్పవలసి వస్తున్నది. కక్కు కొట్టించిన రోలు మళ్ళీ కొత్త రోలుతో సమానం. తవుడు, బియ్యం వాయిలు తిరిగి మొదలుపెట్టవలసిందే. దీన్ని మరచినవారికి ఆ పూట పచ్చడే గుర్తు చేస్తుంది.

వడ్డెర్లు తరతరాలుగా ఈ పని చేస్తున్నారు. రోటి గరుకు మన పంటికి ఒక పూట తగిలితే, దాని పొడి వారి ఊపిరితిత్తులకు రోజూ తగులుతుంది. స్ఫటికపు రాతి ధూళి ఏళ్ళ తరబడి పీల్చితే సిలికోసిస్ వస్తుంది. వచ్చాక పూర్తిగా నయం చేసే మందు లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దీన్ని వృత్తి వ్యాధుల పట్టికలో చేర్చింది. కాని చెట్టు కింద కూర్చుని ఉలి పట్టినవాడిది ఏ ఫ్యాక్టరీ? ఆయన ఎవరి రిజిస్టరులోనూ ఉండడు. రాయి తడుపుతూ చెక్కితే ధూళి చాలావరకు అణగుతుంది. మూతికి తగిన మాస్కు, కంటికి అద్దాలు ఉండాలి. మరకోత యంత్రంతో పొడిగా కోసేచోట ధూళి మరీ ఎక్కువ. ఇంటికి వచ్చి కక్కు కొట్టే మనిషికి ఒక చెంబు నీళ్ళు పక్కన పెట్టి, రాయి తడుపుతూ కొట్టమనడం, పిల్లల్ని దూరంగా ఉంచడం ఇంటివారు చేయగలిగిన పని. పెచ్చు ఎగిరి కంట్లో పడే ప్రమాదం చూసేవారికీ ఉంది. రోలు బేరమాడేటప్పుడు కూడా అది ఎన్ని ఉలి దెబ్బలకు తయారైందో తలచుకుంటే ఆఖరి యాభై రూపాయల దగ్గర పట్టుదల కొంత తగ్గవచ్చు.

ఒంగోలులోని ఆ ఇంట్లో అయిదవ రోజు మళ్ళీ గోంగూర తెచ్చారు. మామగారు ముందు చిటికెడు వేలితో తీసి రెండు పళ్ళ మధ్య ఆడించి చూసుకుని, ఆ తరువాతే అన్నంలో కలుపుకున్నారు. రెండవసారి వడ్డించమన్నారు. మిక్సీని ఎవరూ అమ్మివేయలేదు. ఉదయం హడావిడిలో కొబ్బరి చట్నీ అందులోనే అవుతున్నది. కుళాయి పక్కనున్న రోలు మాత్రం వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చింది. ఇప్పుడు దాని మీద బకెట్టు లేదు, ఇత్తడి పళ్ళెం మూత ఉంది.